నువ్వుండల నుంచి అరిసెల దాకా: పిల్లల ఎదుగుదలని ఇంట్లో ఎలా గమనించాలి?

ఈ రోజు ఎపిసోడ్‌లో పిల్లల ఎదుగుదల గురించి మాట్లాడుకుందాం. వీడియో చూడ్డానికి వీలు కానివాళ్ల కోసం, మాట్లాడిందంతా ఎప్పట్లాగే ఇక్కడ రాతలో పెడుతున్నాం. వీడియోలో చార్టులు చూపించిన చోట ఇక్కడ అంకెలు మాటల్లోనే చెప్పాను.

"డాక్టర్ గారూ, మా బాబుకి ఏడాది నిండింది. 8 కిలోలే ఉన్నాడు. పక్కింటి బాబు 10 కిలోలు ఉన్నాడు. మావాడు సరిగ్గా పెరగట్లేదా?" పిల్లల డాక్టర్‌గా నేను ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. దీనికి వెంటనే అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. "ఆరు నెలలప్పుడు ఎంత ఉన్నాడమ్మా?" అని అడుగుతాను. చాలామంది ఆ అంకె చెప్పలేరు. ఎక్కడో రాశారు, ఆ కార్డు ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఉండిపోయింది అంటారు.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పిల్లల్ని పక్కింటి పిల్లలతో కాదు, నిన్నటి తమతోనే పోల్చి చూడాలి. అలా పోల్చాలంటే నిన్నటి లెక్క ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా! ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, ఏది చూసి ధైర్యంగా ఉండొచ్చు, ఏది చూస్తే అస్సలు ఆగకూడదు, ఇవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క అంకె కాదు, గీత చూడాలి

ఇద్దరు బాబులు ఉన్నారనుకోండి. ఇద్దరికీ ఏడాది నిండింది. ఇద్దరూ 8 కిలోలే.

మొదటి బాబు పుట్టినప్పుడు 2.6 కిలోలు. ఆరు నెలలకి 6.6, తొమ్మిది నెలలకి 7.4, ఏడాదికి 8. రెండో బాబు పుట్టినప్పుడు 3.3 కిలోలు. ఆరు నెలలకి 7.9, తొమ్మిది నెలలకి 8, ఏడాదికి కూడా 8.

ఇప్పుడు చెప్పండి, ఎవరి గురించి కంగారు పడాలి? మొదటి బాబు చిన్నగా పుట్టాడు, చిన్నగానే ఉన్నాడు, కానీ తన గీత వెంటే పెరుగుతూ వస్తున్నాడు. ఆడుకుంటూ, తింటూ, హుషారుగా ఉంటే అతనికి మందులూ అక్కర్లేదు, టానిక్కులూ అక్కర్లేదు. రెండో బాబు ఆరు నెలలకి సరిగ్గా సగటు దగ్గర ఉన్నాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో పెరిగింది 100 గ్రాములే. గ్రోత్ చార్టులో అతని గీత పైకి వెళ్లాల్సింది పోయి అడ్డంగా పడుకుంది. ఇవాళ తూకం వేస్తే ఇద్దరి అంకే ఒకటే. గీత చూస్తే మాత్రం ఒకరు బాగున్నారు, ఇంకొకరిని ఈ వారమే డాక్టర్‌కి చూపించాలి.

గ్రోత్ చార్టు చేసే పని ఇదే అన్నమాట. 1950లలో నైజీరియా పల్లెల్లో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే డాక్టర్ ఇలాంటి చార్టుని తల్లుల చేతికే ఇవ్వాలని పట్టుబట్టారు. దానికి 'ఆరోగ్యానికి దారి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. బిడ్డ చిక్కిపోయినట్టు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. కంటికి తెలియకముందే గీత వంగడం కాగితం మీద తెలుస్తుంది.

మన దగ్గర ఈ చార్టు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. గర్భిణిగా పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు, అదే ఎంసీపీ కార్డు, తెరిచి చూడండి. అబ్బాయిలకి ఒక పేజీ, అమ్మాయిలకి ఒక పేజీ వేరువేరుగా ఉంటాయి. ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు కనిపిస్తాయి. ఆకుపచ్చలో ఉంటే వయసుకి తగ్గ బరువు. పసుపులోకి దిగితే తక్కువ బరువు. నారింజలోకి వెళ్తే బాగా తక్కువ బరువు. కానీ రంగొక్కటే చూసి ఆగిపోకండి. ఇందాకటి రెండో బాబు ఏడాదికి కూడా ఆకుపచ్చలోనే ఉన్నాడు! గీత ఎటు పోతోందో చూడాలి.

"మన పిల్లలు చిన్నగానే ఉంటారు కదా?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. విదేశీ పిల్లల లెక్కలు మనకెందుకు అని. ఈ చార్టులు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసినవి. వీటి కోసం 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచారు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా ఆ దేశాలు. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తల్లిపాలు తాగుతూ, ఇంట్లో తల్లి పొగతాగకుండా, మంచి వసతి ఉన్న పిల్లల్నే తీసుకున్నారు.

తేలిందేమిటంటే, తిండి, శుభ్రత, వైద్యం సరిగ్గా అందితే మొదటి ఐదేళ్లలో ఢిల్లీ పిల్లలూ నార్వే పిల్లలూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు. అంటే చిన్న వయసులో కనిపించే తేడాలో ఎక్కువ భాగం జాతిది కాదు, పరిస్థితులది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. "మా వంశమే అంత" అని ఇంతమందిని వదిలేయలేం కదండీ.

బరువు: ఎంత పెరగాలి, ఎలా తూచాలి

పుట్టిన మొదటి వారంలో బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది. 10 శాతం లోపు తగ్గితే భయం లేదు, పది పధ్నాలుగు రోజులకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చేయాలి. అక్కణ్ణుంచి మొదటి మూడు నెలలు నెలకి 700 నుంచి 900 గ్రాములు పెరుగుతారు, ఇంకా ఎక్కువ పెరిగేవాళ్లూ ఉంటారు. తర్వాతి మూడు నెలలు నెలకి సుమారు అరకిలో. ఆరు నెలల నుంచి ఏడాది దాకా నెలకి 250 నుంచి 300 గ్రాములు.

గుర్తుపెట్టుకోడానికి తేలిక లెక్క ఒకటుంది. ఐదు నెలలకి పుట్టినప్పటి బరువుకి రెండింతలు. ఏడాదికి మూడింతలు. రెండేళ్లకి నాలుగింతలు. ఆ తర్వాత ఏడాదికి 2 కిలోల చొప్పున. ఏడాది తర్వాత వేగం తగ్గడం మామూలే. "ఏడాది దాటాక తినడం మానేశాడు" అని కంగారుపడే తల్లులు ఈ మాట గమనించాలి.

ఏడాదికి అబ్బాయిల సగటు 9.6 కిలోలు, అమ్మాయిల సగటు 8.9. తక్కువ బరువు అనే హద్దు అబ్బాయిలకి 7.7 దగ్గర, అమ్మాయిలకి 7 దగ్గర ఉంటుంది. అందుకే అమ్మాయి బరువుని అబ్బాయి పేజీలో చూడకూడదు.

తూచేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ప్రతిసారీ ఒకే తక్కెడ. బట్టలు, డైపర్, కాలి గజ్జెలు, మొలతాడుకున్న బరువైన వెండి తీసేయాలి. అంకె పక్కన తారీఖు రాయాలి. తూచగానే చార్టులో చుక్క పెట్టించుకోవాలి. బిడ్డని ఎత్తుకుని పెద్దవాళ్ల మెషిన్ ఎక్కి తీసివేత లెక్క చేస్తుంటారు కొందరు. నెలల పిల్లల విషయంలో అది పనికిరాదు, ఎందుకంటే మనం వెతికే తేడానే 200, 300 గ్రాములు. ఆ మెషిన్ చూపించే తప్పే అంత ఉండొచ్చు. అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు, టీకాకి వెళ్లినప్పుడు కూడా తూయించొచ్చు.

గీత పడుకుంటే ముందు తిండి చూడాలి. మన ఇళ్లలో ఆరు నెలల తర్వాత జరిగే పొరపాటు ఒకటుంది. బిడ్డకి అరగదేమోనని పప్పు మీద తేట, చారు నీళ్లు, పల్చటి జావ పెడతారు. కడుపు నిండుతుంది, బలం ఉండదు. చెంచాతో తీసి వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పప్పన్నం మెత్తగా మెదిపి కాస్త నెయ్యో నూనో వేయండి. తినే ఇళ్లలో గుడ్డు పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డకే పెట్టండి, ఇంట్లో అందరికీ లడ్డూలు చేసేయకండి. తల్లిపాలు రెండేళ్ల దాకా ఇవ్వచ్చు. ఏడాది దాటాక పోతపాలు రోజుకి అరలీటరు మించొద్దు, పాలతోనే కడుపు నిండితే అన్నం ముట్టరు, రక్తం కూడా తగ్గుతుంది.

తిండి బాగానే ఉన్నా గీత లేవకపోతే లోపల కారణం వెతకాలి. మళ్లీమళ్లీ విరేచనాలు, మూత్రంలో ఇన్ఫెక్షన్, క్షయ, గుండె జబ్బు, థైరాయిడ్, ఇలా చాలా ఉంటాయి. అవి డాక్టర్ చూడాల్సినవి. మీరు చేయాల్సిన పని గీత వంగిందని సమయానికి చెప్పడం.

ఎత్తు, తల చుట్టుకొలత, జబ్బ

బరువు ఈ నెల తిండిని చెప్తే, ఎత్తు చాలా నెలల కథ చెప్తుంది. పుట్టినప్పుడు సుమారు 50 సెం.మీ., ఏడాదికి 75, నాలుగేళ్లకి 100. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, తర్వాత నిలబెట్టి. పడుకోబెట్టి కొలిస్తే 0.7 సెం.మీ. దాకా ఎక్కువ వస్తుంది. రెండేళ్లప్పుడు పద్ధతి మారగానే "ఎత్తు తగ్గాడేంటి!" అని భయపడకండి.

తల చుట్టుకొలత మెదడు పెరుగుదలకి గుర్తు. పుట్టినప్పుడు 34, 35 సెం.మీ. దగ్గర ఉండి ఏడాదికి 45, 46కి వస్తుంది. తల మరీ వేగంగా పెరుగుతున్నా, పెరగడం ఆగినా ఆలస్యం చేయకూడదు. టీకాకి వెళ్లిన ప్రతిసారీ "తల కూడా కొలవండి" అని మీరే అడగండి, చాలాసార్లు ఈ ఒక్క కొలతే మిగిలిపోతుంది.

ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకి జబ్బ చుట్టుకొలత కూడా చూస్తారు. ఎడమ జబ్బ మధ్యలో కొలిస్తే 12.5 సెం.మీ. కంటే తక్కువ ఉంటే పోషణ లోపం. 11.5 కంటే తక్కువైతే ప్రమాదకరమైన లోపం, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మన నువ్వుండలు, అరిసెలు ఏం చెప్తున్నాయి?

ఇప్పుడు రెండో భాగానికి వద్దాం. బిడ్డ పెరగడం వేరు, నేర్చుకోవడం వేరు. బరువు బాగా ఉన్న బిడ్డకి కూడా నేర్చుకోవడంలో ఆలస్యం ఉండొచ్చు.

మన పెద్దవాళ్లు దీన్ని ఎంత బాగా గమనించేవాళ్లో చూడండి. బిడ్డ నవ్వితే నువ్వుండలు పంచుతారు. బోర్లాపడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే పాకుండలు. అడుగులేస్తే అరిసెలు. పలుకులకి పంచదార చిలకలు. ఇవే డాక్టర్లు చెప్పే మైల్‌స్టోన్స్! ఇరుగుపొరుగుని పిలిచి మరీ పంచుతాం, ఒక్క తారీఖు మాత్రం ఎక్కడా రాయం. ఇక నుంచి పంచిన ప్రతిసారీ కార్డు వెనక తారీఖు వేయండి.

ఏది ఎప్పటికల్లా రావాలో చెప్తాను. మనిషిని చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. మూడు నెలలు నిండినా నవ్వకపోతే చూపించాలి. మెడ మూడు, నాలుగు నెలలకి నిలవాలి. ఆరు నెలలకి కూడా మెడ వాలిపోతుంటే ఆగకూడదు.

ఆనుకోకుండా కూర్చోవడం, నడవడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఆరు దేశాల అధ్యయనంలోనే, ఐదు దేశాల పిల్లల మీద లెక్కలు కట్టింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కొందరు 3.8 నెలలకే కూర్చున్నారు, కొందరు 9.2 నెలలకి. సొంతంగా నడక కొందరికి 8.2 నెలలకే వచ్చింది, కొందరికి 17.6 నెలలకి. చూశారా ఎంత తేడా ఉందో! తొమ్మిది నెలలకి నడిచిన బిడ్డ తెలివైనదీ కాదు, పదహారు నెలలకి నడిచిన బిడ్డ మందకొడిదీ కాదు. ఇద్దరూ మామూలే. కానీ ఆ హద్దు దాటితే, అంటే తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే, డాక్టర్‌కి చూపించాలి.

పాకుండల సంగతి వేరు. చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నేరుగా నిలబడిన పిల్లలు ఆ అధ్యయనంలో 4.3 శాతం ఉన్నారు. కాబట్టి పాకలేదని ఒక్కదానికే దిగులు అక్కర్లేదు. అలాగే వాకర్లో కూర్చోబెడితే నడక తొందరగా రాదు. మెట్ల మీంచి, గడపల మీంచి పడి తలకి దెబ్బలు తగులుతాయి. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. చాప వేసి నేల మీద వదిలేయండి, అదే మంచి వ్యాయామం.

ఏ మిఠాయీ పంచని మైలురాళ్లు

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యం. కొన్ని మైలురాళ్లకి మన సంప్రదాయంలో మిఠాయి లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. వాటిలో ఆలస్యం అయితేనే నష్టం ఎక్కువ.

ఒకటి, శబ్దానికి స్పందించడం. పుట్టినప్పటి నుంచీ పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడాలి. ఆరు నెలలకల్లా శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. రెండు, పేరు పెట్టి పిలిస్తే చూడటం. ఇది తొమ్మిది నెలలకి, మహా అయితే ఏడాదికి రావాలి. మూడు, వేలితో చూపించడం. కాకి వాలితే "అదిగో" అన్నట్టు వేలు చూపించి, మళ్లీ మీ మొహంలోకి చూస్తారు. మీకూ చూపించాలన్న కోరిక అది. ఏడాది దగ్గర మొదలై పదిహేను, పదహారు నెలలకి బాగా వస్తుంది. నాలుగు, టాటా చెప్పడం, దాగుడుమూతలకి నవ్వడం, మనం చేసేది చూసి చేయడం.

ఏడాది నిండినా మ్మ, బ్బ, త్త లాంటి శబ్దాలు లేకపోయినా, టాటా, వేలు చూపించడం లాంటి సైగలు లేకపోయినా ఒకసారి చూపించండి. పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల కూర్పు రాకపోతే ఆగకండి. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోయినా, వచ్చిన నవ్వూ ఆటా పోయినా, ఆ వారంలోనే డాక్టర్ దగ్గర ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఇక్కడ ఒక పాప గురించి చెప్పాలి. మూడున్నరేళ్ల వయసులో తీసుకొచ్చారు. మాటలు లేవు. బరువు, ఎత్తు, నడక అన్నీ భేషుగ్గా ఉన్నాయి. పాప చురుకైనది, సైగలతో అన్నీ అడుగుతుంది, పెదాల కదలిక చూసి సగం గ్రహిస్తుంది. "వాళ్ల మేనమామకి కూడా నాలుగేళ్లకే మాటలొచ్చాయి, ఆ పోలికే" అని ఇంట్లో పెద్దావిడ ధైర్యం చెప్తూ వచ్చారట. ఆవిడ ప్రేమకొద్దీ అన్న మాటే అది. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ దాదాపు వినిపించవు. వాళ్లమ్మ నన్ను అడిగిన మొదటి మాట, "అయితే నేను పాడిన జోలపాటలు ఏవీ వినలేదా?" అని.

మెదడు భాషని బాగా పట్టుకునేది మొదటి మూడేళ్లలోనే. అందుకే వినికిడి విషయంలో డాక్టర్లు 1-3-6 అని చెప్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. ఓఏఈ అనే పరీక్ష పసిబిడ్డ నిద్రలో ఉండగానే నిమిషాల్లో అయిపోతుంది, సూది లేదు, నొప్పి లేదు. అందులో అనుమానం వస్తే బెరా అనే పరీక్ష చేస్తారు. మీ బిడ్డకి పుట్టినప్పుడు చేశారో లేదో డిశ్చార్జ్ కాగితాల్లో చూడండి. చేయకపోతే ఇప్పుడైనా చేయించండి. ఆ పాపకి మిషన్, స్పీచ్ థెరపీ మొదలయ్యాయి, మాటలు వస్తున్నాయి. కానీ ఆరు నెలల వయసులో మొదలైన బిడ్డతో పోలిస్తే చాలా ఎక్కువ కష్టపడుతోంది.

"చెవులు బాగానే వినిపిస్తాయండీ, ప్లేటు కింద పడితే చూస్తుంది" అంటారు. కొందరికి పెద్ద చప్పుళ్లు వినిపించి, మాటలోని సన్నటి శబ్దాలు వినిపించవు. ఇంట్లో చప్పట్లు కొట్టి చూడటం పరీక్ష కాదు.

చెవులు బాగుండి, పేరు పిలిస్తే చూడక, కళ్లలోకి చూడక, వేలు చూపించక, ఒంటరిగా ఒకే బొమ్మ చక్రం తిప్పుతూ ఉంటే ఆటిజం కోసం చూడాలి. ఆ పేరు వింటేనే భయపడి ఏడాది, రెండేళ్లు దాచేస్తారు. పేరు పెట్టించుకోవడం కోసం కాదు, థెరపీ తొందరగా మొదలవ్వడం కోసం చూపించమంటున్నాను.

రెండు అపోహలు, ఒక లెక్క

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, పక్కింట్లో హిందీ. అందుకే మాటలు ఆలస్యం అనుకుంటారు. డల్లాస్ నుంచో, లండన్ నుంచో వీడియో కాల్ చేసే తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతారు, తెలుగు మానేయమంటారా అని. మానేయకండి. రెండు భాషల వల్ల మాటల ఆలస్యం అనే జబ్బు రాదు. లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. అలా కలిపినా తక్కువగా ఉంటే కారణం ఇంకెక్కడో ఉంది.

రెండోది ఫోన్. "రైమ్స్ పెడితే మాటలు నేర్చుకుంటాడు" అంటారు. ఫోన్ చెప్తుంది, బదులు వినదు. బిడ్డ "బ్బ" అంటే మీరు "బ్బ బంతి" అనాలి, అలా ఇచ్చిపుచ్చుకుంటేనే మాట వస్తుంది. రెండేళ్లలోపు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌లో కబుర్లు చెప్పించడం ఆ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇక ఆ లెక్క నెలలు నిండకుండా పుట్టిన పిల్లలది. 32 వారాలకే పుట్టిన బిడ్డ 8 వారాలు ముందొచ్చింది. ఆరు నెలలప్పుడు ఆ బిడ్డని నాలుగు నెలల బిడ్డగానే చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇలా తీసేసి లెక్కకట్టాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే. వీళ్లకి చూపు, వినికిడి పరీక్షలు తప్పనిసరి.

స్కూలుకి వెళ్లాక కూడా

టీకాలు అయిపోయాక గ్రోత్ చార్టు అటకెక్కుతుంది. అలా చేయకండి. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, తర్వాత ప్రతి పుట్టినరోజుకీ ఎత్తు, బరువు రాయండి. ఐదేళ్ల నుంచి 18 ఏళ్ల దాకా మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ, 2015లో ఇచ్చిన చార్టులు వాడతాం. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, తల మీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత పెట్టండి. గోడ మీది గీతలే చాలా చెప్తాయి.

నాలుగేళ్ల తర్వాత ఏడాదికి 5, 6 సెం.మీ. పెరుగుతారు. ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగకపోతే థైరాయిడ్, గ్రోత్ హార్మోన్ లాంటివి చూడాలి. "ఎంత ఎత్తు అవుతాడు?" అనేదానికి ఒక అంచనా ఉంది. తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, అబ్బాయికైతే 13 కూడి, అమ్మాయికైతే 13 తీసేసి, రెండుతో భాగించండి. నాన్న 168, అమ్మ 154 అనుకుంటే కొడుకు 167.5, కూతురు 154.5 సెం.మీ. దగ్గర ఉంటారు. కొన్ని సెంటీమీటర్లు అటూఇటూ అవుతుంది. ఈ అంచనాకి తగ్గట్టు పెరుగుతున్న పిల్లలకి ఎత్తు పెంచే పొడులు కొనక్కర్లేదు.

ఈ వయసులో బరువు ఎక్కువవడం కూడా చూడాలి. బొద్దుగా ఉంటే ఆరోగ్యం అని సంతోషపడతాం. బరువు గీత ఎత్తు గీతని దాటి పైకి పరుగెడుతుంటే అది కూడా గీత తప్పినట్టే. ఆడపిల్లల్లో ఎనిమిదేళ్లలోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్లలోపు యుక్తవయసు గుర్తులు కనిపిస్తే చూపించండి. ఎందుకంటే ఎముకలు ముందే ముదిరి ఎత్తు తొందరగా ఆగిపోతుంది. అమ్మాయికి 13 ఏళ్లకి, అబ్బాయికి 14 ఏళ్లకి ఏ మార్పూ మొదలవకపోయినా చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఖర్చుకి భయపడి ఆగేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇది చెప్తున్నాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే అంటారు, దాని కింద పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్ష చేస్తారు. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూస్తారు. ఆ బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ స్కూళ్లకి ఏడాదికి ఒకసారి వస్తాయి. అనుమానం ఉంటే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రానికి పంపిస్తారు. వినికిడి, మాట, కండరాల థెరపీ అన్నీ ఒకేచోట చూడటం కోసం పెట్టిన కేంద్రాలవి. మీ ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే దారి చెప్తారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లండి. ఒకటి కార్డు. రెండోది, ఇంట్లో బిడ్డ ఆడుకుంటున్నప్పుడు ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో. కొత్త చోట పిల్లలు ఏడుస్తారు, బిగుసుకుంటారు, మాకు అసలు సంగతి కనిపించదు. ఆ వీడియో చాలా సాయం చేస్తుంది. "ఏదో తేడాగా ఉంది డాక్టర్ గారూ, ఏంటో చెప్పలేకపోతున్నాను" అని తల్లి అంటే నేను తేలిగ్గా తీసుకోను. మీరు కూడా తీసుకోకండి. ఒకవేళ డాక్టర్ "ఏమీ లేదు, చూద్దాం" అంటే, "ఎన్ని వారాలు చూడాలి? అప్పటికి ఏది రాకపోతే మళ్లీ రావాలి?" అని తేదీ అడిగి రాసుకోండి.

ఈ రోజు చేయాల్సిన పని చిన్నదే. కార్డు వెతికి తీయండి. ఉన్న పాత అంకెలన్నీ ఒక కాగితం మీద తారీఖులతో రాయండి. కార్డు దొరక్కపోతే టీకాలు వేయించిన చోట రిజిస్టర్ ఉంటుంది, అడగండి. ఈ వారం ఒకసారి తూయించి చుక్క పెట్టించండి, వచ్చే నెల ఇంకో చుక్క. రెండు చుక్కలు కలిస్తే మీ బిడ్డ గీత మొదలైనట్టే.

మీ పిల్లల బరువు, ఎత్తు గురించి అడగాలనుకుంటే ఒక్క అంకె కాకుండా కనీసం మూడు తారీఖుల అంకెలు, అబ్బాయో అమ్మాయో, ఎన్ని వారాలకి పుట్టారో కూడా రాయండి. అప్పుడే పనికొచ్చే జవాబు చెప్పగలను. వచ్చే ఎపిసోడ్‌లో ఆరు నెలల తర్వాత ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అనేది మన వంటింట్లో దొరికే వాటితోనే వివరంగా చూద్దాం.